పది కిలోల రెండు వందలు

పాత పేపర్ల కొట్టులో
సెల్వరాజు తూకం మిషను మీద
ఈ మధ్యాహ్నం నా కుక్కని నిలబెట్టాను.

నిలబడితేగా.
ముందుకాళ్ళు రెండూ ఇనుప పలక మీద,
వెనకవి రెండూ నా కొంగులో.
అట్టపెట్టెలూ బీరు సీసాలూ పోయినేటి పంచాంగాలూ
బుద్ధిగా తూగిన చోట
చిల్లరగాడొక్కడే తూగనన్నాడు.

చివరికి సెల్వరాజే వాణ్ణెత్తుకుని మిషనెక్కి
తన బరువు తీసేసి చెప్పాడు:
పది కిలోల రెండు వందలు.

పది దాకా ఒక మాత్ర.
పది దాటితే ఇంకో పెట్టె, ఇంకో రంగు,
నా లెక్కలో ఇంకో నాలుగు జాకెట్లు.

"ఆ రెండు వందలూ పిడుదులవేలేక్కా,
అవి పోతే పదే"
అన్నాడు వాడు, పెరంబూరు తెలుగులో.

నవ్వాను.
ఇంటికొచ్చి చెవి తిరగేశాక నవ్వలేకపోయాను.
మడతలో ఆముదపు గింజల్లా
నిండుగా, నున్నగా, తీరిగ్గా.
వేళ్ళ సందుల్లో ఉలవలంతవి,
ఇంకా భోజనానికి కూర్చోనివి.

చెంగమ్మత్తది ఒకటే మాట:
వేపనూనె, కర్పూరం, ఓపిక.
దీపాలవేళ మెట్ల మీద కూర్చుని
ఒక్కోదాన్నీ తలకాయ దగ్గర పట్టి
మెలి తిప్పకుండా లాగి
ఉప్పునీళ్ళ డబ్బాలో వేస్తుంది.
నిన్న ముప్ఫై ఏడు.
క్యాలెండర్లో పాల లెక్క పక్కనే రాసింది.
వేపనూనెకి చిల్లరగాడు తుమ్ముతాడు.
పిడుదులు తుమ్మవు.

పొడి చవకే,
వీడు ఒళ్ళంతా నాక్కునే రకం.
మెడపట్టీ ఎనిమిది నెలలొస్తుందట,
కింద వాటా యాళిని బడి నుంచి రాగానే
సంచీ దించకుండా కావలించుకునేది ఆ మెడనే.
వీపు మీద వేసే చుక్కల్లో
కొన్ని పిల్లులకి విషమట,
వాన పడితే మేడ మీది ఒంటికన్ను పిల్లి
వీడి పొట్టలో దూరి పడుకుంటుంది.

ఒక కుక్కకి మందు చూద్దామని కూర్చుంటే
వాడికింత సంసారముందని తెలిసింది.

ఓట్టేరి డాక్టరమ్మ చీటీ రాస్తూ ఆగి
"ఎప్పుడైనా ఫిట్సొచ్చాయా?" అంది.
రాలేదన్నాను వెంటనే.
అప్పుడు గుర్తొచ్చింది టీకొట్టు బల్ల.
ముప్ఫై రూపాయలకి చిల్లర లేదని
అబూబకర్ బల్ల కింద వీణ్ణి చూపించి
"ఇదే ఉంది, పట్టుకెళ్ళు" అన్న రోజు.
అప్పటికే వీడికి చెవి అంచున కోత,
ఎవరి కేకకో ముడుచుకునే తోక.
అంతకుముందు ఏ వీధిలో, ఏ గుమ్మంలో
వీడి ఒంటికేమేం జరిగిందో
నేనేం చెప్పను?
"నాకు తెలిసి" అని చేర్చాను.
ఆవిడ కూడా చీటీ మీద
ఆ రెండు మాటలూ రాసుకుంది.

పెద్ద పెట్టే కొన్నాను.
ఇడ్లీలో పెడితే ఇడ్లీ తిని
మాత్రని నేల మీద నాకు అప్పజెప్పాడు.
రెండోసారి కరువాటు ముక్కతో
మోసపోయాడు, సంతోషంగా.

ఆ రాత్రి కాజాలు కుడుతూ కూర్చున్నాను.
సూదిలో దారం ఎక్కించిన ప్రతిసారీ
వాడి కాళ్ళు చూశాను.
ఒకసారి వణికాయి.
చేతిలోది జారిపోయింది.
కలలో పరిగెడుతున్నాడంతే,
ఎవరి వెంటో,
ఎవరి నుంచో.

మూడో రోజు చాప మీద
ఎండిన గింజలు పదకొండు.
నాలుగో రోజు రెండు.
ఐదో రోజు అత్త క్యాలెండర్లో సున్నా వేయలేదు.
టార్చి పట్టుకుని
స్నానాలగది గోడ బీటలో వెలుగు దూర్చి
"గుడ్లిక్కడున్నాయే" అంది,
శత్రువు ఇల్లు దొరికిన గొంతుతో.
"సున్నం తెప్పించు."

వాడు మా ఇద్దరికీ వీపు పెట్టి నిద్రపోతున్నాడు.
గోక్కోవడం మరిచిన వెనక్కాలు
గాల్లో అలాగే ఉండిపోయింది.